పెట్టీ పెట్టనట్టు పెట్టే విద్య

అతిథి మర్యాదలో మన తెలుగువాళ్లం ఇంకా మోటుదశ దాటలేదని ఒప్పుకోవాలి. గడప తొక్కినవాడికి కాళ్లకు నీళ్లిచ్చింది మొదలు వాడి కడుపు వెంట పడతాం. "అదేం తిండండీ, పిచ్చుక తిన్నట్టు", "ఈ ఒక్క గారె నా మాట మీద" అంటూ, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి ధార కడతాం. వచ్చినవాడు చివరికి మాటా మంచీ మరిచిపోయి మంచం ఎక్కడుందా అని చూస్తాడు. ఇందులో కళ ఏముంది? గిన్నెలో ఉంటే పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పిలిచి, కూర్చోబెట్టి, గంటన్నరసేపు ఆదరించి, వచ్చినవాడి ఆకలి ఇసుమంతైనా చెదరకుండా వచ్చినట్టే సాగనంపడం ఉంది చూశారూ, దానికి తరాల సాధన కావాలి. ఆ సాధన చేసినవాళ్లు ఇంగ్లండు దొరసానులు. వాళ్ల మధ్యాహ్నపు టీ విందును కీర్తించడానికి నాకు నోరు ఒక్కటే ఉన్నందుకు చింతిస్తున్నాను.

ఈ విందు పుట్టుక గురించి చెప్పుకునే కథే ఎంతో ఉదాత్తమైంది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ ఏడవ డచెస్ అన్నా మరియా గారికి సాయంత్రం నాలుగింటికి నీరసం వచ్చింది. ఆ కాలపు పెద్దిళ్లలో రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ బల్ల మీదికి వచ్చేది కాదు. పొద్దున్న తిన్నది ఏనాడో అరిగిపోయింది. విక్టోరియా రాణి అంతఃపురంలో కొలువు చేసిన ఇల్లాలు, అంత పెద్ద దివాణం, అన్ని వేల ఎకరాలు, అయినా ఆకలి వేసింది! ఆవిడ గుట్టుగా తన గదికి టీ, కాస్త రొట్టె, వెన్న తెప్పించుకున్నారట. తర్వాత స్నేహితురాళ్లను పిలిచారట. వాళ్లకూ అదే వేళకు ఆకలి వేయడం మొదలైందట. అలా ఒక జాతికి ఆచారం దొరికింది.

అంతకు ఏడెనిమిదేళ్ల ముందు మా గుంటూరు సీమలోనూ ఆకలి వేసింది. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు రైతు దగ్గర శిస్తు వసూలు చేసుకునే ఈస్టిండియా కంపెనీ, చైనా నుంచి లండనుకు టీ తెచ్చి అమ్ముకునే గుత్త హక్కు అప్పటికింకా ఉన్న కంపెనీ, రెండూ ఒకటే కాబట్టి ఈ రెండు ఆకళ్లూ ఒకే యజమాని చలవలో వేసినవే. కానీ డచెస్ గారి ఆకలికి ఉన్న క్రమశిక్షణ మావాళ్ల ఆకలికి లేకపోయింది. ఆవిడది నాలుగింటికి వచ్చి ఐదింటికి సర్దుకునేది. గుంటూరుది పొద్దనక మాపనక వేసింది, లక్ష మందికి పైగా చచ్చేదాకా వేసింది. వేళాపాళా లేని అలాంటి ఆకలి ఆచారం ఎలా అవుతుంది? దాన్ని కరువు అని రాసుకుని, దస్త్రం కట్టి, పైన పెట్టేశారు. డచెస్ గారి ఆకలిని మాత్రం నేటికీ వెండి పళ్లేల్లో పెట్టి స్మరిస్తున్నారు.

ఇక మీ ఇంట్లో ఈ విందు చేయదలుచుకుంటే ఏం కావాలో చెబుతాను. మొదట లేసు గుడ్డ పరిచిన బల్ల. దాని మీద బోన్ చైనా కప్పులు. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో జొసయ్యా స్పోడ్ అనే కుండల పనివాడు 18వ శతాబ్దం చివర్లో ఈ పింగాణీకి ఒక పద్ధతి కుదిర్చాడు. సంప్రదాయ పాకంలో సుమారు సగం పశువుల ఎముకలను కాల్చిన బూడిద, మిగతా సగం తెల్ల బంకమన్ను, రాతిపొడి. ఇక్కడే దొరసాని సున్నితత్వం చూడండి. మీరు శాకాహారులని తెలిస్తే పంది మాంసం ముక్క పళ్లెంలో కనపడనివ్వదు, పొరపాటున చేప వాసన తగలనివ్వదు. ఎద్దు ఎముకను మాత్రం బూడిద చేసి, తెల్లగా కాల్చి, అంచుకు బంగారు గీత గీసి మీ పెదవులకు అందిస్తుంది. ఆ కప్పును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ ఇవతలికి కనిపిస్తుంది. ఆ విందు మొత్తంలో అంత పారదర్శకత మరెక్కడా కనిపించదు కాబట్టి తనివితీరా చూసుకోండి.

కప్పుల తర్వాత మూడంతస్తుల స్టాండు. కింద శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లు, పైన కేకులు. కింది నుంచి మొదలుపెట్టి పైకి తినుకుంటూ పోవాలి. ఈ స్టాండు కనిపెట్టినవాడెవడో గానీ చెయ్యెత్తి మొక్కాలి. మన విస్తరిలో పదిహేను రకాలు నేల మీద పరిచేస్తాం, ఎంత ఉందో గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. తిండిని నిలువుగా పేర్చి చూడండి, మనిషికి నాలుగు ముక్కలు కూడా ఒక కట్టడంలా నిలబడతాయి. అతిథి కింద నుంచి పైదాకా కళ్లెత్తి చూస్తాడు. ఆ తలెత్తడంలోనే సగం భోజనం అయిపోతుంది.

అసలు ప్రతిభ కీర దోస శాండ్‌విచ్‌లో ఉంది. కూరగాయలన్నిటిలో కీర దోసనే ఎందుకు ఎంచుకున్నారో గమనించారా? అందులో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే. ఆ మిగిలిన అయిదు పాళ్లు కూడా అతిథికి భారమవుతాయేమోనని తొక్క తీస్తారు. అవతలి మనిషి కనిపించేంత పల్చగా కోస్తారు. ఉప్పు చల్లి, కాసేపు ఉంచి, ఉన్న నీళ్లు కూడా పిండేస్తారు. తెల్ల రొట్టెకు ఈ కొస నుంచి ఆ కొసదాకా వెన్న పూసి (తడి రొట్టెకు అంటకుండా అదొక గోడ), ఈ పొరలు పరిచి, మరో రొట్టె మూసి, నాలుగు వైపులా అంచులు కోసి పారేస్తారు. రొట్టెలో నమలడానికి ఏదైనా ఉందంటే అది ఆ అంచే గనక అదే పారేయాలి. చివరికి వేలెడు వెడల్పున ముక్కలు చేస్తారు. వండడమంటే ఏదో ఒకటి కలపడం అనుకుంటాం మనం. తీసేసుకుంటూ తీసేసుకుంటూ పోయి, ఇంక తీయడానికి ఏమీ మిగలని చోట ఆపి, దాన్ని వడ్డించగల ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

విక్టోరియా కాలపు సంపన్నులకు ఈ శాండ్‌విచ్ మీద అంత మోజు ఎందుకో ఊహించడం కష్టం కాదు. పొట్ట నిండాలని తినే అవసరం మాకు లేదు అని నోరు తెరవకుండా చాటుకోవడానికి ఇంతకన్నా మంచి తిండి లేదు. ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం ఇంటికి వచ్చిన కూలీ కూడా టీయే తాగేవాడు గానీ, పక్కన మాంసం, జున్ను, రొట్టె పెట్టుకుని కడుపునిండా తినేవాడు. ఎంత సిగ్గుచేటు! ఆస్కార్ వైల్డ్ 1895 నాటి నాటకం ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్‌లో, తల్లి తోబుట్టువైన ఆవిడ కోసం చేయించిన కీర దోస శాండ్‌విచ్‌లన్నీ ఆవిడ వచ్చేలోగా ఇంటాయనే తినేస్తాడు. బజారులో కీర దోసలే దొరకలేదని పనివాడు మొహం చెదరకుండా బొంకుతాడు. జనం పగలబడి నవ్వుతారు. నాకు మాత్రం వాటిని తినేసిన ఆ కుర్రాడి మీద గౌరవం. వాటితో కడుపు నింపుకోవాలంటే పళ్లెమంతా ఒక్కడే తినక తప్పదన్న సత్యం ఆ రంగస్థలం మీద అతనొక్కడికే తట్టింది.

రెండో అంతస్తు స్కోన్లు. ఇవి గోధుమపిండి, వెన్న, పాలు కలిపి కాల్చిన గుండ్రటి రొట్టెలు. మధ్యకు చీల్చి జామ్, చిక్కటి మీగడ పట్టించి తింటారు. ఆ మీగడ కార్న్‌వాల్‌దైతే అందులో కనీసం 55 శాతం పాలకొవ్వు ఉండాలని యూరప్ చట్టమే 1998లో దాని పేరుకు రక్షణ ఇచ్చింది. ఇంతవరకూ బాగానే ఉంది, మనసుకు కాస్త తిండిలా కూడా అనిపిస్తుంది. కానీ దొరలు ఏ వస్తువునూ ఊరికే తిననివ్వరు. డెవన్ వాళ్లు మీగడ ముందు రాసి పైన జామ్ వేస్తారు. పక్కనే ఉన్న కార్న్‌వాల్ వాళ్లు జామ్ ముందు రాసి పైన మీగడ వేస్తారు. మన దగ్గర శైవులకూ వైష్ణవులకూ జరిగిన గొడవలైనా ఏనాడో సర్దుమణిగాయి. 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ బంగళా తన విందు ప్రకటనలో మీగడ మీద జామ్ వేసిన బొమ్మ పెట్టింది. అంతే, ఆ సీమంతా భగ్గుమంది. ఆ బంగళాను నడిపే సంస్థలో సభ్యత్వాలు రద్దు చేసుకుంటామన్నారు. బంగళా నడిపేవాళ్లు క్షమాపణ చెప్పుకున్నారు. న్యాయాన్యాయాల విషయంలో ఆ జాతి ఎంత పట్టుదలగా ఉండగలదో లోకానికి మరోసారి తెలిసింది. మరికొన్ని క్షమాపణలు ఎంతకాలంగానో వరసలో నిలబడి ఉన్నాయి. అయితే వాటిలో మీగడ ప్రసక్తి లేదు.

ఇక టీ. దీన్ని పనివాళ్ల చేత పెట్టించకూడదు, ఇంటి ఇల్లాలే అందరి ఎదుటా స్వయంగా పోయాలి. ఎంత ఆప్యాయత అని మురిసిపోకండి, లేదా మురిసిపోండి, కారణం ఏదైతేనేం. 18వ శతాబ్దంలో టీ మీద పన్ను 119 శాతం దాకా పోయింది. టీపొడి పెట్టెకు తాళం వేసి, తాళంచెవి దొరసాని తన దగ్గరే ఉంచుకునేది, పనిమనిషి చిటికెడు తీస్తుందేమోనని. తీరం పొడుగునా దొంగ సరుకు దిగేది. చెట్ల ఆకులు ఎండబెట్టి గొర్రెల పేడ కలిపి టీ పేరుతో అమ్మేవాళ్లని రిచర్డ్ ట్వైనింగ్ అనే టీ వర్తకుడే 1785లో రాసుకున్నాడు. 1784లో పన్ను 12.5 శాతానికి దించాక గానీ పేడ బెడద తగ్గలేదు. తాళం పోయినా అలవాటు మిగిలింది. ఈనాటికీ టీపాట్ పిడి గృహిణి చేతిలోనే ఉండాలి.

పాలు ముందు పొయ్యాలా, టీ ముందు పొయ్యాలా అన్నది మరో ధర్మసందేహం. నాసిరకం కప్పులో వేడి టీ ముందు పోస్తే బీటలు వారేదట. అందుకని బీదవాళ్లు పాలు ముందు పోసుకునేవాళ్లట, గొప్పింటివాళ్లు మా కప్పు పగలదని చూపించడానికి టీ ముందు పోసేవాళ్లట. ఒక్క చుక్క నేల పడకుండా అవతలివాడి అంతస్తు కొలిచే ఈ ఏర్పాటు ముందు మన కులం అడిగే పద్ధతి ఎంత మొరటు! "మీదే ఊరండీ, మీ ఇంటిపేరేమిటండీ" అని నాలుగు ప్రశ్నలు వేస్తేగాని మనకు తేలదు. 1980లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ టీ కాచే విధానం మీద ఆరు పేజీల ప్రమాణం ప్రకటించింది. నూరు మిల్లీలీటర్ల నీళ్లకు రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాల నానబెట్టు. రుచి పరీక్షల కోసం రాసుకున్నదే అయినా, 1999లో దానికి, నోబెల్‌ను ఆటపట్టిస్తూ ఇచ్చే ఇగ్ నోబెల్ సాహిత్య బహుమతి దక్కింది. సాహిత్యమంటే అదీ.

జార్జ్ ఆర్వెల్ అంతకు ముందే, 1946లో, మంచి టీకి పదకొండు సూత్రాలు రాసిపెట్టాడు. రేషన్ మీద మనిషికి వారానికి రెండు ఔన్సుల ఆకు ఇచ్చే రోజులవి. టీ ఇండియాదో సిలోన్‌దో అయివుండాలని, పాలు చివర్లోనే పొయ్యాలని, చక్కెర వేస్తే నువ్వు టీ ప్రేమికుడివే కావని ఆయన తీర్పు. ఆర్వెల్ పుట్టింది మన బిహార్‌లోని మోతీహారిలో. వాళ్ల నాన్నగారు సర్కారువారి నల్లమందు శాఖలో ఉద్యోగి. టీ గురించి మాట్లాడే అర్హత ఇంతకన్నా ఎవరికుంటుంది! ఎందుకంటే ఆ కప్పులో టీ చేరడానికి నల్లమందు చేసిన సేవ అంతా ఇంతా కాదు.

సంగతేమిటంటే చైనావాళ్లు టీ అమ్మి వెండి అడిగేవాళ్లు. ఇంగ్లండు సరుకుల్లో వాళ్లకు పెద్దగా కావలసింది ఏమీ లేకపోయింది. ఊరికే పుచ్చుకోవడం దొరలకు ఇష్టంలేదు కదా, బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. అందుకని కంపెనీ బిహార్, కాశీ ప్రాంతాల రైతుల చేత గసగసాలు వేయించి, పట్నాలో, ఘాజీపూర్‌లో నల్లమందు చేయించి, కలకత్తాలో వేలం వేసింది. తాను మాత్రం ఒక్క పెట్టె కూడా చైనా గడ్డ మీద దించలేదు, అది అక్కడి చట్టానికి విరుద్ధం. ఆ పని ప్రైవేటు వర్తకులు చేశారు. వాళ్లకు వచ్చిన వెండి చైనాలోని కాంటన్ రేవులో కంపెనీ ఖాతాలో చేరి, టీగా మారి లండన్ వెళ్లింది. ఇంత చేతికి మట్టి అంటని వ్యాపారం చూశాక, శాండ్‌విచ్‌ను వేలి కొసలతో పట్టుకునే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారా అన్న సందేహం తీరిపోతుంది.

1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి ఇరవై వేల పెట్టెలకు పైగా నల్లమందు పట్టుకుని, సున్నం, ఉప్పు నీళ్లలో కలిపి సముద్రంలోకి వదిలేశాడు. మీ దేశంలో నిషేధించిన విషాన్ని మా దేశానికి ఎందుకు పంపుతారమ్మా అని విక్టోరియా రాణికి ఉత్తరం కూడా రాశాడు. జవాబుగా యుద్ధ నౌకలు వెళ్లాయి. డచెస్ గారు తన గదిలో స్నేహితురాళ్లకు మొదటి కప్పులు పోస్తున్నారని చెప్పే రోజులే అవి. అటు కాంటన్ నది మీద ఫిరంగులు పేలుతున్నాయి. ఆ ఓడల్లో మద్రాసు సైన్యం సిపాయిలు కూడా ఉన్నారు, ఆ సైన్యంలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. 1842లో నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. హాంకాంగ్, అయిదు రేవులు, 2 కోట్ల 10 లక్షల డాలర్లు. టీ విందుకు పిలిస్తే ఖాళీ చేతులతో వెళ్లకూడదన్న నియమం చైనా పాటించవలసి వచ్చింది.

ఎన్నాళ్లని పక్కింటి నుంచి తెచ్చుకుంటాం అన్న అభిమానం కూడా దొరలకు ఉండేది. 1848లో కంపెనీ రాబర్ట్ ఫార్చూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని చైనా పంపింది. ఆయన చైనీయుడి వేషం వేసుకుని, జడ పెట్టుకుని, లోపలి కొండల్లో తిరిగి వేలకొద్దీ టీ మొక్కలు, విత్తనాలు, వాటితోపాటు పనివాళ్లను కూడా ఇండియాకు చేర్చాడు. అడిగితే ఎక్కడ లేదంటారో, అవతలివాళ్లను ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో అన్న మొహమాటమే ఆ వేషానికి కారణమై ఉంటుంది.

అస్సాంలో మొహమాటం ఇంకా ముదిరింది. అక్కడి సింగ్‌ఫో జనం ఏనాటి నుంచో టీ ఆకు వాడుతున్నారని తెలిశాక, 1839 జనవరిలో మొట్టమొదటి అస్సాం టీ ఎనిమిది పెట్టెలు లండన్‌లో వేలమైంది. ఈ వ్యవహారంలో దొరలకు ఎంతో సాయపడిన మణిరామ్ దేవాన్, తర్వాత సొంతంగా తోటలు వేసుకున్న మొదటి భారతీయుడు, 1858లో జోర్హాట్‌లో ఉరికంబమెక్కాడు, తిరుగుబాటుకు కుట్ర చేశాడన్న నేరం మీద. తోటల్లో పనికి ఛోటా నాగపూర్ నుంచి, గంజాం, విశాఖపట్నం మన్యాల నుంచి కూలీలను తోలుకెళ్లారు. ఒప్పందం మీద వేలిముద్ర వేశాక పని వదిలి వెళ్లడం నేరం. 1865 చట్టం ప్రకారం పారిపోయిన కూలీని తోట దొరే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. అతిథి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వకపోవడం మన తెలుగు మర్యాదే అనుకున్నాను ఇన్నాళ్లూ. దొరలు దాన్ని చట్టం చేసి మరీ పాటించారు. ఆ తోటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తెంపిన లేత ఆకు ఎగుమతికి పోతుంది, జల్లెడ పట్టగా మిగిలిన ధూళి మన బజారు టీ కొట్లలో మరుగుతుంది.

చక్కెర గిన్నె మరిచిపోతానేమో. చిన్న వెండి పట్టకారుతో గడ్డ చక్కెర ఎత్తి "ఒకటా, రెండా?" అని అడగడం ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆ గడ్డలు కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసలు చెరకు నరికితే వచ్చినవి. 1791లో కొందరు ఆడవాళ్లు ఇది బానిసల రక్తమని చక్కెర మానేశారు. అప్పటి అంచనా ప్రకారం మూడు లక్షల మంది దాకా మానేశారు. ఆ తర్వాత గిన్నెల మీద "ఇది బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర" అని బంగారు అక్షరాలతో రాయించుకుని, నిశ్చింతగా వేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఈస్టిండియాలో ఎవరు ఎలా చేస్తున్నారో గిన్నె మీద చోటు చాలలేదు.

1833లో ప్రధాని ఎర్ల్ గ్రే ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు మంజూరు చేసింది. నష్టపోయిందెవరు? యజమానులు. వాళ్లకే ఇచ్చారు. బానిసలకు కొన్నేళ్లపాటు అదే యజమాని దగ్గర జీతం లేని శిక్షణ ఇచ్చారు, స్వేచ్ఛ ఒక్కసారిగా పడదేమోనని. ఆ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటిష్ పన్నుదారులు 2015 దాకా తీర్చుకుంటూ వచ్చారు. కాబట్టి అప్పటిదాకా లండన్‌లో ఉద్యోగం చేసి పన్ను కట్టిన మన ఐటీ కుర్రాళ్లు కూడా ఆ పుణ్యకార్యంలో తలో చెయ్యి వేశారు. ఇక చెరకు నరికేదెవరు? మారిషస్ తోటల కోసం కోరంగి రేవులో ఓడలు ఆగాయి. గోదావరి, విశాఖ జిల్లాల జనం ఎక్కారు. ఆ దీవిలో మనవాళ్లను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. ఇంత చేసిన ఎర్ల్ గ్రే దొరగారిని లోకం ఎలా స్మరిస్తోందంటే, బెర్గమాట్ నూనె వాసన వేసే టీపొడి డబ్బా మీద పేరుగా. ఆయన అదే ఏడాది కంపెనీ చైనా గుత్త హక్కు కూడా ఊడబెరికాడని డబ్బా మీద ఉండదు.

ఈ సంగతులేవీ విందు దగ్గర ఎత్తకూడదు. టీ బల్ల దగ్గర మాట్లాడవలసింది వాతావరణం. దొరల దేశంలో వాన ఎందుకు అన్నిసార్లు పడుతుందో నాకు ఈ మధ్యే బోధపడింది. లేకపోతే గంటన్నర సేపు ఏం మాట్లాడతారు పాపం! చెంచా కప్పుకు తగిలి చప్పుడు కాకూడదు. చిటికెన వేలు గాలిలోకి లేపకూడదు. జుర్రుమని పీల్చకూడదు. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం మహాపరాధం. ఆ సాసర్‌లో పోసుకునే అలవాటు 18వ శతాబ్దపు ఇంగ్లండుదే, అప్పటి కప్పులకు పిడి ఉండేది కాదు, చేతులు కాలేవి. పిడి వచ్చింది, అలవాటు పోయింది. ఇప్పుడు హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని సాసర్‌లో చాయ్ జుర్రే పెద్దాయన ఒక్కడే ఆ పాత ఇంగ్లీషు సంప్రదాయాన్ని నిలబెడుతున్నాడు. సాసర్ నుంచి తాగితే మోటు ఎందుకవుతుందని ఆర్వెల్ కూడా తన వ్యాసంలో ఆశ్చర్యపోయాడు గానీ, ఆయన మాట ఎవరు విన్నారు?

ఇంత నిండుచంద్రుడి లాంటి విద్యలో ఒక్క మచ్చ ఉంది. నిజాయితీగా చెప్పేస్తాను. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ లండన్‌లో టీ దుకాణం తెరిచింది. తర్వాత 1894లో లయన్స్ వాళ్లూ తెరిచారు. మగతోడు లేకుండా ఆడది కూర్చోడానికి, పది పెన్నీలలోపు కాస్త తినడానికి, ముఖ్యంగా వాతావరణం కాని విషయాలు మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది. టైపు కొట్టే అమ్మాయిలు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. ఓటు హక్కు అడిగే ఆడవాళ్లు ఇలాంటి టీ గదుల్లోనే సమావేశాలు పెట్టుకున్నారు. 1918లో ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లలో చాలామందికి, 1928లో మగవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. లేసు గుడ్డ దాటి టీని వీధిలోకి రానిస్తే ఇలాంటి ప్రమాదాలు జరుగుతాయి. అసలైన దొరసానులు అందుకే ఇంట్లోనే పెట్టారు.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట. ఇంగ్లండులో స్థిరపడ్డ మన ఆడపడుచులు ఇరుగుపొరుగు దొరసానులను పిలిచి ఈ విందు చేస్తుంటారు. అన్నీ పద్ధతిగానే కుదురుతాయి. మూడంతస్తుల స్టాండు, గులాబీల కప్పులు, అంచులు తీసిన రొట్టె. కానీ చివరికి పాత జబ్బు తిరగబెడుతుంది. శాండ్‌విచ్‌లో కీర దోస కింద కొత్తిమీర పచ్చడి దూరుతుంది. పైఅంతస్తులో కేకు పక్కన సున్నుండ కూర్చుంటుంది. "ఇవి వేడివేడిగా తినాలండీ" అంటూ వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల పళ్లెం వస్తుంది. దొరసాని చాలంటే, "ఒక్కటి, ఒక్కటే" అని ఇంకో రెండు పడతాయి. పాపం ఆవిడ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. ఇంతకంటే అమర్యాద ఉంటుందా?

టీపాట్‌లో ఇంకాస్త వేడినీళ్లు పొయ్యమంటారా అని గృహిణి అడిగినప్పుడు లేవడం మంచిదని నా అనుమానం. మిగిలిన ముక్కలు డబ్బాలో పెట్టి "పిల్లలకు పట్టుకెళ్లండి" అనడం ఈ విద్యలో నిషిద్ధం. పైగా మర్నాడు అతిథి స్వదస్తూరీతో కృతజ్ఞతల ఉత్తరం రాసి టపాలో వేయాలి. తిన్నది మూడు వేళ్ల రొట్టె, రాయవలసింది నిండు పేజీ. మన పెళ్లిళ్లలో అయిదు రకాల స్వీట్లు లాగించి, చెయ్యి కడుక్కుంటూనే "పప్పులో ఉప్పు తగ్గింది" అనే జనానికి ఈ కట్టడి ఎంతైనా అవసరం. మొదటిసారి రాసేవాళ్లు తడబడకుండా ఒక నమూనా ఇస్తున్నాను, వాడుకోండి:

"ప్రియమైన అమ్మగారికి, నిన్నటి మీ విందు నేను జన్మలో మరువలేను. మీ శాండ్‌విచ్‌ల నాజూకు ఏమని చెప్పను, వాటిలోంచి మీ తోటంతా చూశాను. మీ టీ ఎంత తేటగా ఉందంటే, కప్పు నిండుగా ఉండగానే అడుగున వేసిన గులాబీ రేకులు లెక్కపెట్టుకోగలిగాను. రేకులు ఎనిమిది. వాతావరణం గురించి మీరు చెప్పినవన్నీ నిజమే, దారిలో వాన పడింది. ఇంటికి చేరాక రాత్రి భోజనం నాకు ఎన్నడూ లేనంత రుచించింది. మా ఆవిడ వంట బాగుందనుకుని పొంగిపోయింది గానీ, ఆ ఘనత పూర్తిగా మీదే."